మునగని బెండు

నీళ్ళు అద్దంలా ఉన్న రోజు

ఇవాళ ఊరు కదల్లేదు. గాలి పడిపోయింది, ప్రవాహం కూడా కునుకు తీస్తున్నట్టుంది. మా తెప్పలూరులో ఇది అరుదు. మామూలుగా సాయంత్రం పంచదార అప్పు తెచ్చుకున్న ఇల్లు తెల్లారేసరికి ఎటు తేలిపోయిందో వెతుక్కోవాలి. ఇవాళ మాత్రం రొట్టెల కొట్టు నిన్నటి చోటే, మా గుమ్మానికి ఎదురుగానే ఉంది. కిందా పైనా ఒకే ఆకాశం. తెప్ప మీద పరిచిన బల్లలు కడగడానికి నీళ్ళు తోడితే బక్కెట్లోకి ఒక మేఘం కూడా వచ్చేసింది.

ఆటతెప్ప దినచర్య రాయడం నా ఉద్యోగంలో భాగం. ఎవరొచ్చారు, ఏమాడారు, ఎవరికి దెబ్బ తగిలింది, అంతవరకు రాస్తే చాలు. నేను అంతకంటే ఎక్కువే రాస్తాను. చదివేవాళ్ళు ఎలాగూ లేరు. నా పేరు కృపామణి. ఊళ్ళో ఆటల మేస్త్రి అంటారు. బడి వదిలిన పిల్లలకీ, పని దిగిన పెద్దలకీ, ఏ పనీ లేని ముసలివాళ్ళకీ సాయంత్రాలు ఆటలు పెట్టడం నా పని.

మా ఆడబిడ్డ సువార్త చిన్నపిల్లల బడి పంతులమ్మ. మా ఆయన పోయాక ఆయన చెల్లెలూ నేనూ ఒకే పడవింట్లో ఉంటున్నాం. ఆమె జీతం నా జీతానికి ఒకటిన్నర రెట్లు. ఈ మాట నేను ప్రతి పూటా ఏదో ఒక వంకతో ఎత్తుతాను.

"నాలుగేళ్ళ పిల్లలకి పలక పట్టుకోవడం చూపిస్తే అంత జీతం. ఊరంతటినీ పరిగెత్తించేదానికి ఇంత" అన్నాను ఇవాళ కాఫీ తాగుతూ.

"పలకే కాదు వదినా, ముక్కులు కూడా తుడుస్తన్నాను. ముక్కులకి విడిగా ఏం ఇవ్వట్లేదు మరి" అంది సువార్త, తల కూడా ఎత్తకుండా.

తూర్పు గాలి, అమావాస్య

ప్రతి అమావాస్యకీ లాగే ఇవాళ ఊరంతా తొట్టి దగ్గర చేరింది.

సభ జరిగే బల్లల మీద పొడవాటి నీళ్ళ తొట్టి ఒకటి ఉంది. అందులో ఒక్కో పనికి ఒక్కో గాజు బెండు తేలుతుంటుంది, వలలకి కట్టే బెండు లాంటిదే. ఊరిని నడిపే యంత్రబుద్ధిని మేము పెద్దాయన అంటాం. పెద్దాయన ఒక పనిని ఎంత నేర్చుకుంటే ఆ బెండులోకి అంత ఇసుక పోస్తాడు, అది అంత మునుగుతుంది. గరుకు గాజు కాబట్టి లోపల ఇసుక ఎంతుందో కనపడదు. నడుముకి గీసిన ఎర్ర గీత ఒక్కటే కనపడుతుంది. గీత మునిగిందంటే ఆ పని ఇక మనుషులది కాదు. ఆ పనివాళ్ళు వెనక తెప్పకి వెళ్ళాలి.

వెనక తెప్పలో తిండికీ బట్టకీ లోటు లేదు. జీతం కూడా ఆగదు. పనికి పిలిచేవాళ్ళే ఉండరు. ఊరి వెనక పొడవాటి తాడు, ఆ తాడు చివర ఆ తెప్ప. మబ్బు లేని రోజు అటు చూస్తే ఒక మరక లాగా కనపడుతుంది. వలలు అల్లేవాళ్ళు వెళ్ళారు, వంటవాళ్ళు వెళ్ళారు, లెక్కలు రాసేవాళ్ళు అందరికంటే ముందే వెళ్ళారు. అటు వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఊళ్ళో పని చేసింది లేదు. అందుకే మా ఊళ్ళో ఇద్దరు కలిస్తే ముందడిగేది "మీ బెండు బాగుందా" అనే.

సువార్త బెండు తొట్టిలో బాతుపిల్లలా పైకి తేలుతోంది. నాది గీతకి బెత్తెడు దూరంలో ఉంది. కిందటిసారి ఇంకా పైనుండేది.

"జీతం నీకే ఎక్కువ, భయం నాకే ఎక్కువ. ఇదేం న్యాయం?" అన్నాను.

"నా పని నువ్వు చేస్తావా వదినా? ఒక్క పూట?"

నాకు చిన్నపిల్లలంటే ఇష్టమే, పరిగెత్తడం వచ్చాక.

పొగమంచు

మంచులోంచి గుండ్రటిది ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆటతెప్ప మీద ఆగింది. అయిదేళ్ళ పిల్లంత ఎత్తుంది. పక్కలకి రెండు చేతులు, మధ్యలో చిన్న దీపం.

"నమస్కారమండి మణిగారూ. పెద్దాయన పంపారు. మీకు సాయంగా ఉండమన్నారు" అంది.

సాయానికి వచ్చినవాళ్ళు ఎందుకొస్తారో నాకు తెలుసు. వంటవాళ్ళకీ ఇలాగే సాయం వచ్చింది. ఒంటికాలి మీద లేవాలనుకున్నాను గానీ, పిల్లలు అప్పటికే దాని నెత్తి నిమిరి గుండు అని పేరు పెట్టేశారు. అది ఆ పేరుకి పలికింది కూడా. ఇంక నేనేం అంటాను.

సాయంత్రం నేల–బండ ఆడించాను. మాకు నేల ఎక్కడిది? నీలం బల్లలు నేల, ఎర్ర బల్లలు బండ. దొంగ నేల మీద కాపలా ఉంటే మిగతావాళ్ళు బండ మీంచి దిగి ఊరిస్తారు, దొరికినవాళ్ళు అవుటు, తర్వాతి దొంగ వాళ్ళే. పంటలేసి దొంగని తేల్చేలోపే గుండుకి ఆట వచ్చేసింది. ఎవరి కాలు ఎప్పుడు నేల తాకిందో నాకంటే బాగా చెప్పింది. ఎప్పుడూ గొడవపడే ఇద్దరు పిల్లలు కూడా నోరు మూసుకున్నారు. నా ఈల నా మెడలోనే ఉండిపోయింది.

మంచు విడిచింది

దావీదు తాత రోజూ వస్తాడు. ఒకప్పుడు ఊరి చుక్కాని పట్టినవాడు. చుక్కానిని పెద్దాయన తీసుకునేసరికి తాత ఎలాగూ పనిలోంచి దిగిపోయే వయసు, కాబట్టి వెనక తెప్పకి పంపలేదు. మోకాళ్ళు రెండూ పట్టేశాయి. అయినా నేల–బండలో దిగకుండా ఉండడు. "ఇన్నేళ్ళొచ్చాయా, నన్ను ముట్టుకున్న దొంగ ఇంకా పుట్టలేదు" అంటాడు, కుంటుకుంటూ నేల మీద చక్కర్లు కొడుతూ. దొంగ ఎవరైనా సరే తాత పక్కనుంచి పరిగెత్తి, అందలేదని చేతులు విదిలిస్తారు.

ఇవాళ దొంగ గుండు. తిన్నగా తాత దగ్గరికి దొర్లుకెళ్ళి మోకాలిని ముట్టుకుంది.

"మీరు అవుటండి" అంది.

ఆట ఆగిపోయింది. తాత తన మోకాలి వంక చూసుకున్నాడు. తర్వాత కండువా దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. నా ప్రాణం ఉసూరుమంది.

అదే గాలి

తాత రాలేదు. నిన్నా రాలేదు. గుండుని కూర్చోబెట్టుకుని చెప్పాను.

"తాత ఆటలో అరటిపండు."

"పండా అండి?"

"పండు కాదు. ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు. చిన్నపిల్లలు ఏడిస్తే ఆటలోకి తీసుకుంటాం కదా, వాళ్ళు దొరికినా అవుటు కాదు, పట్టుకున్నా పట్టుకున్నట్టు కాదు. వాళ్ళని అరటిపండు అంటాం."

"అయితే నియమం వాళ్ళకి వర్తించదు."

"వర్తించదు. కానీ వర్తించనట్టు కనపడకూడదు."

గుండు దీపం కాసేపు మసకబారింది. ఆలోచిస్తే అలా అవుతుంది.

ఆ సాయంత్రం అందరినీ అరటిపండ్లు చేసేసింది. ఎవరినీ ముట్టుకోలేదు, ఎవరు దొరికినా "మీరు ఉన్నారండి, మీరూ ఉన్నారండి" అంటుంటే పిల్లలు కాసేపు నవ్వి, విసుగెత్తి, అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఎవరు ఓడితే ఏడ్చి మర్చిపోతారో, ఎవరు ఓడితే మళ్ళీ రారో, మొహం చూసి తెలుసుకోవాలని చెప్పాను. రానివాళ్ళే అరటిపండ్లు.

"ఆ సంగతి ఎవరెవరికి చెప్పాలండి?"

"అందరికీ తెలిసుండాలి. అరటిపండుకి తప్ప."

"అడిగితే?"

"అడిగినా చెప్పకూడదు. అరటిపండుని అరటిపండుగా ఉంటావా అని అడుగుతామా? ఆ మాట చెవిన పడితే ఆట అక్కడితో సరి."

అది ఇంకేం అడగలేదు. నాకు గర్వంగా అనిపించింది. ఇంత చిన్న సంగతిని ఇంత పెద్ద బుద్ధికి నేర్పినదాన్ని నేనే కదా అనుకున్నాను.

చిన్న అలలు, ఎండ

సువార్త వెళ్ళి బతిమాలి తాతని తీసుకొచ్చింది. గుండు దొంగ. తాత వైపు జోరుగా దొర్లింది, అంగుళం దూరంలో బల్ల సందులో ఇరుక్కుని పల్టీ కొట్టి నీళ్ళలో పడింది. పిల్లలు దాన్ని వలతో తీశారు.

"చూశావా, ఇనప గుండు కూడా నన్ను పట్టలేకపోయింది" అన్నాడు తాత.

అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను. అంత అందంగా పడటం నాకే రాదు.

అమావాస్య, మబ్బు

నిన్నంతా అన్నం సయించలేదు. బొంగరాలు, ఏడు పెంకులు, తొక్కుడుబిళ్ళ, గుండుకి రాని ఆట లేదు. తాత విషయం కూడా వచ్చేశాక నా బెండు గీత దాటడం ఖాయమనుకున్నాను. బట్టలు కూడా మడిచి పెట్టుకున్నాను. సువార్త చూసి చూడనట్టు ఊరుకుంది.

తొట్టి దగ్గరికి వెళ్తే నా బెండు అంగుళం కూడా దిగలేదు. ఇంకా చెప్పాలంటే కాస్త పైకొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. రొట్టెల కొట్టాయన నా చేతిలో వేడి బన్ను పెట్టాడు. నాకు జీతం కూడా పెంచుతున్నట్టు పెద్దాయన సభ గోడలోంచి చెప్పాడు.

ఇంటికొస్తూ దారి పొడుగునా సువార్తని వదల్లేదు. "ఇంకో రెండు అమావాస్యలు ఆగు. నీ జీతం నా జీతం పక్కన నిలబడటానికి సిగ్గుపడుతుంది. మనుషుల్ని ఆడించడం అంటే ఏమనుకున్నావు?"

"నీకేం వదినా, నువ్వు గొప్పదానివి" అంది సువార్త. ఎప్పుడూ ఏదో ఒకటి తిరిగి అనేది. ఇవాళ అంతటితో ఊరుకుంది. ఓడిపోయింది కదా అనుకున్నాను.

జెల్లీచేపల రోజు

ఊరు జెల్లీచేపల గుంపు మధ్యకి తేలింది. నడిచే బల్లల కింద లేత గులాబీరంగు గొడుగులు లక్షల కొద్దీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఇంటింటి గోడల మీదా ఆ వెలుగే పాకుతోంది. మనుషులు మెల్లగా మాట్లాడుతున్నారు, గట్టిగా అంటే అవి వెళ్ళిపోతాయన్నట్టు.

ఒంట్లో బాగాలేక మధ్యాహ్నం పడుకున్నాను. లేచేసరికి ఆటల వేళ దాటిపోయింది. పరుగున వెళ్ళాను. అందరూ వరసగా నిలబడి ఉన్నారు.

"మీ కోసమే ఆగామండి" అంది గుండు.

ఆట పెట్టాను. కానీ బల్లల మీద అప్పటికే తడి పాదాల గుర్తులున్నాయి, నీలం మీదా ఎరుపు మీదా. పిల్లల జబ్బల మీద చెమట. వాళ్ళు ఆడేసి, నేనొస్తున్నానని మళ్ళీ మొదలుపెట్టారు.

దీని గురించి అప్పుడేం ఆలోచించలేదు. ఇప్పుడు రాస్తుంటే ఇంకొన్ని గుర్తొస్తున్నాయి. మొన్న గెలుపు తప్పుగా చెప్పాను. ఎవరూ గొడవ చెయ్యలేదు, కానీ గెలిచినవాళ్ళకిచ్చే పీచుమిఠాయి నిజంగా గెలిచిన జట్టే తింది. అంచు తాడు కట్టడం మర్చిపోయి భయంతో వెనక్కి పరిగెత్తితే, కట్టే ఉంది. నేను ఈల ఊదితే పిల్లలు ఆగుతారు, నిజమే. ఆగేముందు ఒక్క క్షణం గుండు దీపం వంక చూస్తారు.

పడమటి గాలి

జెల్లీచేపలు వెళ్ళిపోయాయి. నాకు ఏమీ తోచక, తొట్టిలో నా బెండుకి పట్టిన పాచి తుడుద్దామని వెళ్ళాను. అంత పైకి తేలే బెండు మురికిగా ఉంటే ఏం బాగుంటుంది. తడిగుడ్డతో పట్టుకుని ఎత్తబోయాను. లేవలేదు. సన్నికల్లులా బరువుంది.

వంగి చూశాను. తొట్టి అంచు కింద చిన్న మేకు. మేకు నుంచి బెండు మెడకి సన్నటి నరం, గాలానికి వాడేది. నీళ్ళ రంగులోనే ఉంది కాబట్టి కనపడదు. నా బెండు తేలడం లేదు. వేలాడుతోంది.

ఇంటికెలా వచ్చానో తెలియదు. సువార్త గుమ్మంలో కూర్చుని చేప పొలుసు తీస్తోంది.

"నా బెండుకి నరం కట్టారు" అన్నాను.

కత్తి ఆగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు వదినా."

"ఊళ్ళో ఎంతమందికి తెలుసు?"

"నీకు తప్ప అందరికీ."

పక్కనున్న బిందె ఎత్తి నీళ్ళలోకి విసిరేశాను. అది మునగలేదు, తేలుకుంటూ రొట్టెల కొట్టు వైపు పోయింది. అదీ నన్ను వెక్కిరించినట్టే అనిపించింది. ఇంత అవమానం నాకెప్పుడూ జరగలేదు. నెలంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. రొట్టెలాయన బన్ను తిన్నాను. ఈమెనే ఎన్ని మాటలన్నాను.

సువార్త మెల్లగా చెప్పుకొచ్చింది. "గీత దాటిన రోజు పెద్దాయన ప్రతి ఇంట్లోనూ అడిగాడు. మణిగారికి చెప్పమంటారా, ఆటలో ఉంచమంటారా అని. చెప్పమన్నవాళ్ళు ఒక్కరు లేరు. దావీదు తాత అప్పటికప్పుడే నరం తెచ్చి ముడేసేశాడు."

"నువ్వేమన్నావు?"

"నువ్వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో పోట్లాడేదెవరు అన్నాను."

ఆమె మీద నాకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. ఇల్లు తనంతట తను తిరిగి గుమ్మం పడమటికి వచ్చింది.

"ఒకటి చెప్పనా వదినా" అంది సువార్త. "నీ బెండుకి ముడేసినప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నీకు చెప్పనివాళ్ళు నాకు మాత్రం చెప్తారా? నా బెండు అంత పైకి తేలతంది. అది నిజంగా తేలతందా? నరం లేకపోయినా ఇసక తగ్గించి పోశాడేమో. ఎవర్ని అడగను? అడిగితే అందరూ నవ్వుతూ నీ బెండు బంగారం అంటారు."

అప్పుడు తట్టింది నేనేం చేశానో. ఒక్క ముసలాయన కోసం ఒక చిన్న మర్యాద నేర్పాను. ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరి బెండునీ ఎవరూ నమ్మడానికి లేదు.

పడమటి గాలే, ఉదయం

తెల్లారేసరికి నాకొక ఉపాయం తోచింది.

"నీ బడి పిల్లల్ని అడుగుదాం పద. నాలుగేళ్ళ పిల్లలు అరటిపండ్లుగా ఉండగలరు గానీ, ఇంకొకరిని అరటిపండు చేసి నోరు మూసుకుని ఉండలేరు. అంత దాపరికం వాళ్ళకి రాదు."

"వాళ్ళు ఏమైనా అంటే?"

"అననీ."

బడిలో గోడే మాట్లాడుతుంది. గోడ మీద బొమ్మలు కదులుతాయి, అక్షరాలు ఈదుతాయి. షారోను అనే పిల్ల గోడ మీది తిమింగలాన్ని వేలితో తోముతోంది. దాని పక్కన చతికిలబడ్డాను. సువార్త తలుపు దగ్గరే నిలబడిపోయింది, చెంగు గుప్పిట్లో నలిపేస్తూ.

"షారోనూ, మీ పంతులమ్మ రేపట్నుంచి రాకపోతే ఏం చేస్తావే?"

"గోడ కథ చెప్తుంది."

"పాటో?"

"పాడుతుంది. తప్పు రాస్తే దిద్దుతుంది. పంతులమ్మ కంటే బాగా దిద్దుతుంది. అరవదు."

సువార్త మొహంలో రంగు లేదు. ఇంక అడగొద్దని చేత్తో సైగ చేసింది. నాకూ అడగాలని లేదు. కానీ సగంలో ఆపితే నరం కట్టినవాళ్ళకీ నాకూ తేడా ఏముంది.

"మరి పంతులమ్మ ఎందుకే?"

ఆ పిల్ల నా వంక చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ఇంత వయసొచ్చింది, ఇదీ తెలియదా అన్నట్టు చూసింది.

"గోడకి ఒడి లేదుగా" అని మళ్ళీ తిమింగలాన్ని తోముకోసాగింది.

సువార్త అక్కడే గడప మీద కూలబడింది. కూర్చోవడమే ఆలస్యం, ఒకడొచ్చి ఒడిలో ఎక్కాడు, ఇంకోడు ఆమె చెంగుకి ముక్కు తుడిచాడు. ఆమె బెండు నిజంగానే తేలుతోంది. నేను లేచి ఇవతలికి వచ్చేశాను. ఆమె జీతం గురించి ఇంకెప్పుడూ మాట్లాడను. నా ఆటతెప్ప మీద ఎవరికీ నా ఒడి అక్కర్లేదు. వాళ్ళకి కావాల్సింది ఈల, లెక్క, అందంగా పడిపోవడం. అవన్నీ గుండుకి వచ్చు. నేనే నేర్పాను.

గాలి మారుతోంది

దావీదు తాత వాళ్ళ పెరటి బల్ల మీద వల ఆరబోస్తున్నాడు.

"తాతా, ఆ ముడి నీదేనా?"

"నాదేనమ్మా. జారిందా ఏటి?"

"జారలేదు. ఎందుకు కట్టావు?"

"నాకు నువ్వు కట్టలేదా?"

తాత నవ్వాడు. "మోకాళ్ళు నాయి. అయ్యి ఎంతమాత్రం పరిగెడతాయో నాకు తెలవదా? మొదట్నుంచీ తెలుసు. ఆ గుండు ముట్టుకున్నప్పుడు బాధేసింది గానీ, అబద్ధం చెప్పిందని కాదు. ఇంక సాయంత్రాలు పోయాయే అని. నువ్వు కూడా ఆడుకోమ్మా. తెలిసినా ఆడొచ్చు. బానే ఉంటది."

ఆ సాయంత్రం ప్రయత్నించాను. ఈల ఊదాను, దొంగని తేల్చాను, గెలిచినవాళ్ళ పేర్లు చెప్పాను. పిల్లలు నా మాట విన్నారు. ఎంత ముద్దుగా విన్నారో. సూర్యుడు దిగుతుంటే నీళ్ళు రాగి రంగుకి తిరిగాయి, అందరి మొహాలూ నా వైపే, ఎంతో ప్రేమగా. తాత అందులో హాయిగా ఉండగలడు. నా వల్ల కాదు. నా మనసు అంత పెద్దది కాదు.

అమావాస్య

జనం చేరాక చేపల కత్తెర తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాను. గుండు అడ్డొచ్చింది.

"కోయవద్దండి మణిగారూ."

"ఎందుకు?"

"అందరూ వద్దన్నారండి."

"నన్నడిగావా?"

"అరటిపండుని అడగకూడదని మీరే చెప్పారండి."

అంత బాధలోనూ నవ్వొచ్చింది. నేనే చెప్పాను, నిజమే. దాని నెత్తి మీద చెయ్యి వేసి పక్కకి జరిపాను.

నరం తెగింది. గీత దాకా మునుగుతుందనుకున్నాను. గీత దాటి ఓ రవ్వ, అంతే అనుకున్నాను. బెండు ఎక్కడా ఆగలేదు. గీత, మెడ, తల, అన్నీ దిగిపోయి తొట్టి అడుగున చిన్న చప్పుడుతో కూర్చుంది. అంత మంది జనంలో ఆ చప్పుడు అందరికీ వినపడింది. సువార్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నేను తప్పు చేశానా అండి?" అంది గుండు. దాని దీపం బాగా మసకగా ఉంది.

"లేదు. నేర్పింది నేర్చుకున్నావు. ఇక మీద పెద్దవాళ్ళ పని విషయంలో ఇలా చెయ్యకు. పని చేసుకునేవాళ్ళకి లెక్క తెలియాలి. వాళ్ళు ఏడ్చినా సరే."

"పెద్దాయనకి చెప్తానండి" అంది.

ఇంట్లో బట్టలు సర్దుతుంటే సువార్త అల్లం పచ్చడి జాడీ మూటలో పెట్టింది. నేను తీసేశాను. మళ్ళీ పెట్టింది. దాని మీద చాలాసేపు పోట్లాడుకున్నాం, ఇద్దరికీ ఇంకేం మాట్లాడాలో తెలియక. జాడీ చివరికి నాతోనే వచ్చింది.

"అమావాస్యకి పడవ ఉంటది. వస్తాను వదినా" అంది. పడవ తాడు విప్పేదాకా ఏడవలేదు. పడవ కదిలాక ఎవరేడ్చారో కనపడలేదు, మంచు పట్టేసింది.

వెనక తెప్ప, మొదటి రోజు

ఇక్కడ దినచర్య రాయమన్నవాళ్ళు లేరు. చెయ్యి ఊరుకోక రాస్తున్నాను.

నేననుకున్నంత చెడ్డ చోటు కాదు. పరుపులు మెత్తగా ఉన్నాయి, అన్నం వేడిగా వస్తుంది. మనుషులే ఒక తీరుగా ఉన్నారు. అందరూ ఒకే వైపు కూర్చుంటారు, ఊరు కనపడే వైపు. దూరంగా ఊరి దీపాలు, తెరచాపలు, పొగ. అందరూ అటు చూస్తూ ఉంటే తెప్ప కూడా అటే ఒరిగి ఉంది.

నేను వచ్చి కూర్చుంటే ఎవరూ నా బెండు సంగతి అడగలేదు. అడగడానికేం ఉంది.

కాసేపు నేనూ అటే చూశాను. సాయంత్రమైంది, ఆటల వేళ. గుండు పంటలు వేయిస్తూ ఉంటుంది. తాత నేల మీద కుంటుతూ ఉంటాడు. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి నిలబడి, "ఎవరైనా నేల–బండ ఆడతారా" అన్నాను, ఎవరితో అంటున్నానో తెలియకుండానే.

ఎవరూ తల తిప్పలేదు. అంతలో మార్తమ్మ అనే లావుపాటి ఆవిడ, ఒకప్పుడు తెడ్లు చెక్కేదట, "నేలెక్కడుందమ్మా ఇక్కడ" అంది.

"ఎండ పడ్డ బల్లలు నేల. నీడ పడ్డవి బండ."

"నీడ జరుగుతూ ఉంటది కదా?"

"జరిగితే మనమూ జరగాలి."

ఆవిడకి అది నచ్చింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని లేచింది. ఆవిడ లేస్తే పక్కనున్న వంటాయన లేచాడు, లెక్కలాయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని లేచాడు. పంటలేశాం. మార్తమ్మ దొంగ.

తెప్ప తిరుగుతోంది కాబట్టి నీడలు కుదురుగా లేవు. ఇప్పుడు బండ అనుకున్నది కాసేపటికి నేల అవుతోంది. ఎన్నేళ్ళ తర్వాతో అంత భయపడుతూ పరిగెత్తాను. నీడలోకి దూకి హమ్మయ్య అనుకునేలోగా నా వీపు మీద చరుపు పడింది, ఎముకలు అదిరేలా.

"అవుటు" అంది మార్తమ్మ.

"బండ మీదున్నాను."

"నీ మడమ చూసుకో. ఎండలో ఉంది."

"ఇప్పుడే జరిగింది అది. నేను దూకినప్పుడు నీడే. తొండి చెయ్యకండి."

"తొండి నీది" అన్నాడు లెక్కలాయన. "నేను చూశాను. మడమ బయటే ఉంది." వంటాయన కూడా అదే అన్నాడు. ఒక్కరు కూడా పోనీలెద్దూ అనలేదు. కొత్తగా వచ్చింది పాపం అనలేదు. ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

వీపు మండుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మండినందుకేనని వాళ్ళనుకుని ఉంటారు.

"దొంగ నువ్వే. రా, ఏం చూస్తన్నావు" అని మార్తమ్మ నీడలోకి గెంతింది.

కొంగు బిగించి వాళ్ళ వెంట పడ్డాను.